ఒకవైపు అరగదీసిన గింజలు

రాతిగూడెం హైస్కూల్లో పదో తరగతికి అనువంశికత పాఠం చెప్పాలంటే ప్రతి ఏడాదీ నాకు గుండెదడే. మిగతా ఊళ్ళలో పిల్లలు ఆ పాఠాన్ని మార్కుల కోసం చదువుతారు. రాతిగూడెం పిల్లలు ఇంటికి తీసుకుపోతారు.

ఆ ఏడాది కూడా ఎలుకల తోకల దగ్గరే బండి ఆగింది. వెనకటికి ఒక శాస్త్రవేత్త ఎలుకల తోకలు కోశాడు, వాటి పిల్లల తోకలూ కోశాడు. అట్లా ఎన్ని తరాలు కోసినా పుట్టిన ప్రతి పిల్లా తోకతోనే పుట్టింది. బతుకులో ఒంటికి తగిలిన దెబ్బ ఒంటితోనే పోతుంది, పిల్లలకు అందేది జన్యువుల్లో ఉన్నదే అని బోర్డు మీద రాశాను. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచింది.

"మరి మా తాతకు నడుం వంగింది, మా బాపుకూ వంగింది గద టీచర్. ఎలుకలకెందుకు రాలే?"

"మీ తాత తాగిన బోరు నీళ్ళే మీ బాపూ తాగిండు. అండ్ల ఫ్లోరైడు ఉండె. పుస్తకంల ఎముకలంటరే, గా బొక్కల జబ్బు నీళ్ళకు వచ్చింది, నెత్తుట్ల నుంచి గాదు. నువ్వు పుట్టినంక నల్లాల కృష్ణ నీళ్ళొచ్చినయ్. నీకు రాదు. జర నిటారుగ నిలబడు."

పిల్ల నిటారుగా నిలబడింది. అందరూ నవ్వారు. ఆ ఊపులోనే కొత్త జాతులు ఎట్లా పుడతాయో మొదలుపెట్టాను. ఒక చెరువు నడుమ ఎండి రెండు కుంటలయిందనుకోండి. ఈ కుంట చేప ఆ కుంట చేపతో కలవదు. ఎక్కడి మార్పులు అక్కడే పోగుపడతాయి. వేల తరాలు గడిచాక మళ్ళీ వరదొచ్చి నీళ్ళు కలిసినా, ఆ చేపలకూ ఈ చేపలకూ పిల్లలు పుట్టవు. అప్పుడవి వేరువేరు జాతులు.

కిటికీ పక్కన కూర్చున్నవాడు చెయ్యి ఎత్తాడు. "మా ఊరికి ఎవ్వరు పిల్లనిస్తలేరు, మా ఊరి పిల్లను ఎవ్వరు చేసుకుంటలేరు. మరి మేం గూడ కొత్త జాతి అయితమా టీచర్?"

తరగతి గొల్లుమంది. "వేల తరాలు పడ్తది, గంతదాకా ఎవ్వడుండడు, కూసో" అని కసిరాను గానీ నాకు నవ్వు రాలేదు. బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ ఒళ్ళు మండుతూనే ఉంది. నీళ్ళు మారి ఇన్నేళ్ళయినా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు "రాతిగూడెం సంబంధమా" అని మూతి తిప్పుతారు. నా నోరు ఊరుకోదు, నా చెయ్యీ ఊరుకోదు. మా అన్న బిడ్డ మనస్వినిని ఆ ఊరికే ఇప్పించాలని ఆ బస్సులోనే నిర్ణయించుకున్నాను.

ఊరికే మొండితనం కాదు. ఆ ఊరి నరేష్ నా దగ్గరే చదువుకున్నాడు. కరెంటు లైన్‌మన్ ఉద్యోగం, మా కులపువాళ్ళే, మాట నెమ్మది. మనస్విని డిగ్రీ చేసి దేవరకొండలో మీసేవ సెంటర్లో పనిచేస్తోంది. ఇద్దరూ ఒకసారి ఫోన్లో మాట్లాడుకున్నారు. "మంచిగనే మాట్లాడిండు అత్తా" అంది మనస్విని. దాని నోటినుంచి అంత మాట రావడమే ఎక్కువ.

ఇల్లు చూడడానికి అందరం ఒక కిరాయి కారులో వెళ్ళాం. అన్న, అరుణ వదిన, నేను, నర్సింగమ్మ అత్త. నర్సింగమ్మ అత్త మా నాన్నకు చెల్లెలు, అరుణ వదినకు తల్లి. అంటే అన్న మేనత్త బిడ్డను చేసుకున్నాడు. మా ఇంట్లో ఏ సంబంధమైనా ఆమె ఊ అంటేనే ముందుకు కదులుతుంది.

నరేష్ తండ్రి జంగయ్య నీళ్ళ పళ్ళెం తానే పట్టుకొచ్చాడు. ఆయన నడుము పూర్తిగా వంగిపోయింది. మన ముఖం చూడాలంటే మెడ పక్కకు తిప్పి పైకి చూడాలి. పళ్ళెం దాకా పోయిన నర్సింగమ్మ అత్త చెయ్యి వెనక్కి వచ్చేసింది. ఆమెను చూసి వదిన, వదినను చూసి అన్న గ్లాసులు ముట్టలేదు.

"నల్లా నీళ్ళేనమ్మా. కృష్ణ నీళ్ళు" అన్నాడు జంగయ్య.

నేను సిగ్గుతో చచ్చిపోయి రెండు గ్లాసులు గటగటా తాగాను. ఆయన మిగిలిన గ్లాసులతో పళ్ళేన్ని అరుగు మీద పెట్టి, చేతులు మోకాళ్ళ మీద ఆనించి కూర్చున్నాడు.

కారెక్కగానే అత్త మొదలుపెట్టింది. "వాళ్ళ బొక్కల్లనే ఉన్నది శ్రీవాణీ. ఇయ్యాల తండ్రికుంది, రేపు కొడుకుకొస్తది, ఎల్లుండి మన పిల్ల కడుపుల పడ్తది."

"బొక్కల్ల గాదు అత్తా, బోరు నీళ్ళల్ల ఉండె."

"నీ బడి పాఠం నాకు చెప్పకు. మన శివకుమార్ లేడా? బయటి నెత్తురు మనకెందుకు? మన పిల్ల మన ఇంట్లనే ఉంటది."

శివకుమార్ ఆమె కొడుకు, వదినకు తమ్ముడు, మనస్వినికి మేనమామ. మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీలో పని. మంచివాడే. ఆ మంచితనమే నాకు భయం, ఎవరూ వంక పెట్టలేరు కాబట్టి. అన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. వదిన తలూపింది. ముహూర్తాల మాట కూడా ఆ కారులోనే నడిచింది.

నా కోపానికి కారణం తెలియాలంటే సింధుజ గురించి చెప్పాలి. మనస్విని చెల్లెలు, ఇప్పుడు పదో తరగతి. దాని ఒంట్లో రక్తం నిలవదు. తలసేమియా. నెల తిరగకముందే హైదరాబాదు తీసుకుపోయి రక్తం ఎక్కించాలి, లేకపోతే పెదాలు పాలిపోయి మెట్లు కూడా ఎక్కలేదు. ఇది తల్లిదండ్రులిద్దరి నుంచీ చెరి సగం వస్తేనే వచ్చే జబ్బు. ఒక్కరినుంచి వస్తే ఏమీ కాదు, మోసుకు తిరుగుతున్నట్టు కూడా తెలియదు. దగ్గరి రక్తంలో పెళ్ళయితే రెండు సగాలు కలిసే ప్రమాదం ఎక్కువ.

డాక్టరు ఈ సంగతి చెప్పినరోజు అన్న తలూపి ఇంటికొచ్చి ఊరుకున్నాడు. చెప్తే అందరూ వదిననే అంటారని అతని భయం. ఇక ఇంట్లో కథలు పుట్టాయి. వదిన కడుపుతో ఉన్నప్పుడు కిరాయి ఇంట్లో తాగిన బోరు నీళ్ళు మంచివి కావన్నారు. గ్రహణం పూట కత్తిపీట ముట్టిందన్నారు. నేను నోరు తెరవబోయిన ప్రతిసారీ వదిన ఏడ్చేది, నేను మాట మింగేదాన్ని. నీళ్ళ జబ్బునేమో నెత్తుటి జబ్బంటారు, నెత్తుటి జబ్బునేమో నీళ్ళ మీదికి తోస్తారు. ఈ రెండు తప్పుల మధ్య నా మేనకోడలి మెడ ఇరుక్కుంది.

వంటింట్లో వదినను పట్టుకున్నాను. ఆమె ఉల్లిగడ్డలు తరుగుతూ తల ఎత్తకుండానే చెప్పింది.

"నువ్వు పెండ్లి గురించే ఆలోచిస్తున్నవు. నేను సింధుజ గురించి ఆలోచిస్తున్న. మేం పోయినంక దాన్ని దవాఖానకు ఎవరు తీస్కపోతరు? అక్కనే తీస్కపోవాలె. బయటోడు పెండ్లాన్ని పంపిస్తడా? నా తమ్ముడైతే పంపిస్తడు, తనే తీస్కపోతడు. సింధుజ వానికి గూడ మేనకోడలే గద."

పిచ్చి పట్టుదల అనుకున్నదాని కింద ఇంత లెక్క ఉందని నాకు తోచనే లేదు. వదిన మీద కోపం పోయింది, భయం మాత్రం రెట్టింపయింది. ఒక బిడ్డకు దిక్కు చూపడానికి ఇంకో బిడ్డ కడుపున అదే జబ్బును పెట్టబోతోంది.

బయట అరుగు మీద నర్సింగమ్మ అత్త, సింధుజ పచ్చీసు ఆడుతున్నారు. మా దగ్గర ఆ ఆటకు చింతగింజల్ని ఒకవైపు బండకు అరగదీస్తారు. ఒక వైపు నల్లగా, ఒక వైపు తెల్లగా ఉంటాయి. విసిరితే ఏ వైపు పడుతుందో దాన్నిబట్టి కాయ కదుపుతారు. నేను సింధుజను పాల ప్యాకెట్‌కు పంపించి, రెండు గింజలు తీసుకుని అందర్నీ పిలిచాను.

"గీ గింజ అన్న. గీ గింజ వదిన. నల్ల వైపు మంచిది, తెల్ల వైపు జబ్బుది. ఇద్దరికి ఒకవైపే తెల్లగున్నది కాబట్టి ఇద్దరు మంచిగనే తిరుగుతున్నరు. పుట్టే బిడ్డకు ఒక్కొక్కరి నుంచి ఒక్క వైపే వస్తది. ఏ వైపొస్తదో ఎవ్వరి చేతుల లేదు. చూడుండ్రి."

విసిరాను. రెండూ నల్లవే. "గీ బిడ్డకు ఏం లేదు." మళ్ళీ విసిరాను. ఒకటి నలుపు, ఒకటి తెలుపు. "గీ బిడ్డ అన్న లెక్కనే, మంచిగనే ఉంటది, లోపల సగం ఉంటది." ఇంకో రెండుసార్లు అట్లాగే పడ్డాయి. ఆ తర్వాత రెండూ తెల్లగా పడ్డాయి.

"గిది సింధుజ" అన్నాను.

వదిన వంగి ఆ రెండు గింజల్నీ వేలితో తిప్పి చూసింది. "అంటే... కత్తిపీట గాదా?"

"కాదు వదినా."

"బోరు నీళ్ళు గావా?"

"కావు. నువ్వు సగం, అన్న సగం. తప్పు ఎవ్వరిది గాదు."

"ఇన్నేండ్లు గా కత్తిపీట ఎందుకు ముట్టిన్నా అని ఏడ్సిన" అంది వదిన. తేలికపడిందో, ఇంకా బరువెక్కిందో నాకు అర్థం కాలేదు. అన్న లేచి ఇంట్లోకి పోయాడు.

"మనస్వినిది తెల్వదు, శివకుమార్‌ది తెల్వదు" అన్నాను. "ఇద్దరికి ఒకవైపు తెల్లగుంటే మల్ల గిదే ఆట. పరీక్ష చేయిద్దాం. ఒక్కరికి లేకున్నా నేనే దగ్గరుండి పెండ్లి జేస్త."

"పచ్చీసు గింజలు జూపిచ్చి పెండ్లి ఆపుతవా? ఇన్ని తరాల సంది చేసుకుంటనే ఉన్నం" అంది నర్సింగమ్మ అత్త. కానీ ఆమె గొంతులో పట్టు లేదు. గుమ్మంలో నిలబడ్డ మనస్విని, "నేను చేయించుకుంట" అంది.

సింధుజకు రక్తం ఎక్కించే రోజే అందరం హైదరాబాదు పోయాం. ముందు నేను చెయ్యి చాపాను, ఎవరూ నామోషీ పడకుండా. శివకుమార్ డ్యూటీ మార్చుకుని వచ్చాడు. "సింధుజకు రక్తమిస్తనని ఎన్నిసార్లు వచ్చినా, నీకే తక్కువున్నది పో అని పంపిస్తరు" అన్నాడు నాతో. "సిమెంటు దుమ్ముకు గట్లయిందనుకున్న." సగం ఉన్నవాళ్ళకు రక్తం కాస్త తక్కువే ఉంటుంది. ఆ మాటతోనే నాకు తెలిసిపోయింది.

నాకూ సగం ఉంది. మనస్వినికి ఉంది. శివకుమార్‌కూ ఉంది.

పెళ్ళి వద్దన్నది శివకుమారే. బెంచీ మీద తల్లి పక్కన కూర్చుని, లోపల సింధుజ చేతికి సూది గుచ్చడం అద్దంలోంచి చూస్తూ, "నా బిడ్డకు గిట్ల జేయిస్తే నేను చూడలేనమ్మా" అన్నాడు. నర్సింగమ్మ అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ రోజు ఆమె అన్నం తినలేదు. సగం మీ అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చుంటుంది అని నేను ఆమెతో అనలేదు. అనకపోయినా ఆమెకు తెలిసింది.

నేను మాత్రం గెలిచినట్టే ఉన్నాను. అడ్డం తొలగింది, ఇక రాతిగూడెం మిగిలింది. దాచి చేసే పెళ్ళి నాకు ఇష్టం లేదు. నరేష్‌కు ఫోన్లో అంతా చెప్పాను. అతను నల్లగొండలో పరీక్ష చేయించుకున్నాడు. అతనికి ఏమీ లేదు. ఆ ఆదివారం ఎగురుకుంటూ రాతిగూడెం పోయాను.

జంగయ్య మళ్ళీ నీళ్ళు తెచ్చాడు. తాగాను. పర్సులోంచి గింజలు తీసి అరుగు మీద పెట్టాను. ఒకటి సగం అరగదీసింది, ఒకటి అసలు అరగదీయనిది.

"గిది మా పిల్ల కాకా. గీ నిండు నల్లది మీ నరేష్. ఎన్నిసార్లన్న ఏయి, రెండు తెల్లయి ఎన్నడు పడయ్. జబ్బు బిడ్డ ఎన్నడు పుట్టది."

ఆయన మెడ తిప్పి చూస్తూ, వంకర పోయిన వేళ్ళతో తానే విసిరాడు. మళ్ళీ మళ్ళీ విసిరాడు. రెండు తెల్లవి పడలేదు. కానీ ఆయన చూస్తున్నది దానికోసం కాదు.

"ఒక్కటి తెల్లగ పడ్తనే ఉన్నది గద టీచరమ్మా."

"అదుంటే జబ్బు కాదు కాకా. నాకూ ఉన్నది. నేను మంచిగ లేనా?"

"ఉన్నవు. నా మనుమరాలు గూడ నీ లెక్కనే ఉంటది. పెద్దగయినంక దానికి ఇంకో సగమోడు దొరికితే?"

"పెండ్లికి ముందు పరీక్ష చేయించుకుంటరు. తెలుస్తది గద."

జంగయ్య గింజల్ని కలిపి నావైపు జరిపాడు. "మా బోరు నీళ్ళు గూడ పరీక్ష జేసిండ్రు, వెనకటికి. మంచియి గావని మాకు చెప్పిండ్రు. నేను తెలిసే తాగిన. వేరే నీళ్ళు లేకుండె." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "మీరు ఆనాడు నీళ్ళు ముట్టలేదని గాదు. మా ఊరికి అది అలవాటే. నా వంకర నాతోనే పోతదని బడిల నువ్వే చెప్పినవంట, పోరగాళ్ళు వచ్చి చెప్తే సంబురపడ్డ. మీది పోదంటున్నవు. మా ఇంట్ల ఇంకోటి మొదలు గావద్దు. సగం గూడ ఒద్దు."

గుమ్మంలో నిలబడి వింటున్న నరేష్ ఏదో అనబోయాడు. తండ్రి నడుమువైపు చూసి ఊరుకున్నాడు. వాదించడానికి నా దగ్గర మాటలు చాలా ఉన్నాయి. సగం ఉన్నవాళ్ళు లోకంలో ఎంతోమంది ఉన్నారని, జబ్బు మోయడానికీ జబ్బు పడడానికీ ఎంతో తేడా ఉందని చెప్పవచ్చు. చెప్పాను కూడా. కానీ తెలిసి తాగినవాడి ముందు 'తెలిస్తే చాలు' అనే నా పాఠం నిలవలేదు. ఆయన నన్ను బస్సు దాకా పంపించడానికి వచ్చాడు, ప్రతి కొంత దూరానికీ ఆగి నడుము పట్టుకుంటూ.

దేవరకొండలో అన్న ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. మనస్విని నా ముఖం చూసే గ్రహించింది. "పోనీ అత్తా" అని స్టవ్ మీద చాయ పెట్టింది. పిల్లకు ఇప్పుడు మేనమామా లేడు, బయటివాడూ లేడు. నేను అనుకున్నదంతా నిజమే అయింది, పిల్లకు మాత్రం ఏమీ మిగల్లేదు. ఎవరి మీద అరవాలో తెలియక నా కోపం నన్నే తింటోంది.

అరుగు మీదినుంచి గరగరమని చప్పుడు వస్తోంది. సింధుజ ఒక చింతగింజను బండకు రాస్తోంది. పక్కన నర్సింగమ్మ అత్త గోడకు ఆనుకుని చూస్తోంది.

"అత్తా, గిటు రా" అని పిలిచింది సింధుజ. "నన్ను పాలకు పంపిచ్చి గింజలాట ఆడిండ్రంట గద. అందరికి నేర్పినవు, నాకొక్కదానికే నేర్పలే. అక్క చెప్పింది."

పరాయి ఊరి పిల్లలకు బోర్డు మీద బొమ్మలేసి మరీ చెప్తాను. రక్తం దీనిది. దీన్ని పాలకు పంపించాను.

"గిదిగో, గిది నేను" అని గింజ చూపింది. రెండు వైపులా అరగదీసింది. ఎటు తిప్పినా తెల్లగానే ఉంది. దాని పక్కన అసలు అరగదీయని గింజ పెట్టింది. "గిది నెత్తుట్ల ఏం లేనోడు." రెండూ కలిపి విసిరింది. ఒకటి తెలుపు, ఒకటి నలుపు. మళ్ళీ విసిరింది, మళ్ళీ అదే. "ఎన్నిసార్లేసినా రెండు తెల్లయి పడ్తలేవు. అంటే నాకు పిల్లలు పుడితే గూడ వాళ్ళకు రాదు. గంతేనా అత్తా?"

"గంతే" అన్నాను.

"నేనింత నిండుగున్నా రాదా?"

"రాదు బిడ్డా."

దాని పాలిపోయిన ముఖం ఒక్క క్షణం వెలిగింది. అది చూసి నాకు ఏడుపు ఆగలేదు, ముఖం పక్కకు తిప్పుకున్నాను.

"అక్కకైతే సగమే ఉన్నది" అంది సింధుజ. "ఆ తాతకు గిట్ల ఏసి చూపెట్టినవా?"

"చూపెట్టిన. ఆయనే ఏసి చూసిండు."

"చూసి గూడ ఒద్దన్నడా?"

నేను తలూపాను. అది తల దించుకుని మిగతా గింజలన్నీ ఏరి డబ్బాలో వేసింది. ఆ తెల్ల గింజ ఒక్కటి చేతిలో మిగిలింది.

"గిది ఆటకు పనికి రాదు అవ్వా" అంది. "ఎన్నడేసినా తెల్లగనే పడ్తది."

నర్సింగమ్మ అత్త చెయ్యి చాపి ఆ గింజను తీసుకుంది. డబ్బాలో వేయలేదు, పారేయలేదు. కొంగు చివర పెట్టి గట్టిగా ముడి వేసుకుని, ఆ ముడిని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.